కాఫీ తోటల్లో పండు ఈగల మీదికి బదనికలు: ఎక్కడ ఫలించాయి, ఎవరి కోసం వదిలారు

పాడేరు ప్రాంతంలో కాఫీ రైతులతో కలిసి పనిచేస్తున్న మీరు మూడు విషయాలు అడిగారు. కాఫీ పండ్లలో చేరే పండు ఈగలను కందిరీగల జాతికి చెందిన బదనికలతో (ఇతర కీటకాల ఒంట్లో గుడ్లు పెట్టి, వాటిని తిని పెరిగే కీటకాలతో) అదుపు చేయవచ్చా, హవాయిలోను గ్వాటెమాలాలోను ఆ పని ఎలా చేశారు, అదే పద్ధతి మన అరకు, పాడేరు తోటలకు పనికివస్తుందా అన్నవి ఆ మూడు. మొదటిదానికి జవాబు అవును; పండు ఈగల మీద బదనికలు అన్నిటికంటే బాగా పనిచేసే పంటల్లో కాఫీ ఒకటి. మూడోదానికి జవాబు మాత్రం దాదాపుగా కాదనే చెప్పాలి, ఎందుకంటే ఆ పద్ధతి ఏ ఈగ కోసం పుట్టిందో ఆ ఈగ మన తోటల్లో లేదు. ఈ రెండు జవాబులూ ఒకదానితో ఒకటి ఎలా పొసుగుతాయో తెలియాలంటే, కాఫీ తోటలో బదనికలను వదిలేది అసలు ఎవరి పంటను కాపాడడానికి అన్న ప్రశ్న ముందు వేసుకోవాలి.

కాఫీ విషయంలో పండు ఈగ అంటే ప్రధానంగా మధ్యధరా పండు ఈగ, శాస్త్రీయ నామం సెరటైటిస్ క్యాపిటాటా. పేరులో మధ్యధరా ఉన్నా దాని పుట్టిల్లు సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికా. ఇంటి ఈగ కన్నా కాస్త చిన్నది, రెక్కల మీద పసుపు, గోధుమ రంగు పట్టీలుంటాయి, రెండు వందల యాభైకి పైగా మొక్కల పండ్లలో గుడ్లు పెట్టగలదు. ఆడ ఈగ రంగు తిరుగుతున్న కాఫీ పండును ఎంచుకుని తొక్కలో సన్నని రంధ్రం చేసి గుడ్లు పెడుతుంది. వెచ్చని వాతావరణంలో రెండు మూడు రోజుల్లో గుడ్లు పొదుగుతాయి. అలాంటి పండును వేళ్లతో చిదిమి చూస్తే, తొక్కకూ, గింజను కప్పి ఉండే గట్టి పార్చ్‌మెంటు పొరకూ మధ్యనున్న సన్నని గుజ్జులో పాలతెలుపు రంగు, కాళ్లు లేని పురుగులు కదులుతూ కనిపిస్తాయి. బాగా ముదిరిన పురుగును అరచేతిలో వేసుకుంటే అది ఒళ్లు వంచి, నోటి కొక్కేలతో తన తోక చివరను పట్టుకుని, ఒక్కసారిగా వదిలి ఎగిరి పడుతుంది. పండును విడిచి నేలలోకి దిగి ప్యూపాగా (పురుగుకూ ఈగకూ మధ్య కదలని దశగా) మారే వేళ అయిందనడానికి ఆ గెంతే గుర్తు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఏమిటంటే ఈ పురుగు గింజను ముట్టుకోదు. అది తినేది గుజ్జును, జిగురును మాత్రమే. పార్చ్‌మెంటు పొర దానికి గోడలా అడ్డం. ఉధృతి మరీ ఎక్కువైనప్పుడు పండ్లు ముందుగానే పండి రాలిపోవడం వంటి నష్టం ఉంటుంది కాని, మామిడిలోనో జామలోనో జరిగినట్టు పంట మొత్తం చేతికి రాకుండా పోవడం కాఫీలో జరగదు. అందుకే హవాయిలో చాలామంది కాఫీ రైతులు దశాబ్దాల తరబడి ఈ ఈగను అసలు చీడగానే లెక్కపెట్టలేదు. వారి పొరుగున ఉన్న పండ్ల రైతులకు, వారి రాష్ట్రం నుంచి తాజా పండ్లు పంపుకోవాలనుకునే వ్యాపారులకు మాత్రం అదే ఈగ ప్రాణాంతకం. ఏటా నెలల తరబడి పండుతూ ఉండే వందల ఎకరాల కాఫీ, ఎవరూ మందు కొట్టని, ఎవరూ పట్టించుకోని ఒక పెద్ద ఈగల పురుడు గది. అక్కడ పుట్టిన ఈగలు చుట్టుపక్కల పండ్ల మీదికి వెళతాయి. కాఫీలో బదనికలను వదలడానికి కారణం ఎక్కువ సందర్భాల్లో ఇదే, ఖర్చు పెట్టినవారు కూడా కాఫీ రైతులు కారు, ప్రభుత్వాలు. ఈ ముక్క గుర్తు పెట్టుకోకుండా విదేశీ నివేదికలు చదివితే, కాఫీ దిగుబడి ఎంత పెరిగిందన్న లెక్క కోసం వెతికి, అది ఎక్కడా లేకపోవడం చూసి అయోమయంలో పడతాం.

బదనికలు కాఫీలో ఎందుకు అంత బాగా పనిచేస్తాయన్నదానికి కారణం చాలా సరళమైనది. పండు చిన్నది, గుజ్జు పలచనిది. మామిడి పండులో ఈగ పురుగు టెంక దాకా పోయి దాక్కుంటే, పైన వాలిన బదనిక తన గుడ్లు పెట్టే సూదిని ఎంత లోపలికి దించినా పురుగు దానికి అందదు. కాఫీ పండులో పురుగుకు దాక్కోవడానికి చోటు లేదు. ఒకవైపు తొక్క, మరోవైపు గట్టి గింజ, మధ్యలో ఒకటి రెండు మిల్లీమీటర్ల గుజ్జు. అందువల్ల పొట్టి సూది ఉన్న బదనికలకు కూడా పురుగు అందుతుంది. పెద్ద పండ్లలో సోకు శాతం, అంటే నూరు ఈగ పురుగుల్లో బదనిక పట్టినవి ఎన్ని అన్న లెక్క, తక్కువగానూ, కాఫీ వంటి చిన్న పండ్లలో ఎక్కువగానూ ఉండడం వేర్వేరు దేశాల్లో పదేపదే కనిపించిన విషయం. ఆఫ్రికాలో ఈ ఈగ సహజ శత్రువులను వెతకబోయినవారు అడవి పండ్లతో పాటు కాఫీ తోటలనే జల్లెడ పట్టడానికి కారణం కూడా ఇదే.

మనం కందిరీగ అనగానే కుట్టే పెద్ద పురుగు గుర్తుకు వస్తుంది కాని, ఈ బదనికలు కొన్ని మిల్లీమీటర్ల పొడవు మాత్రమే ఉండి, మనుషుల జోలికి రాని చిన్న జీవులు. పని తీరును బట్టి వీటిని రెండు ముఠాలుగా చూడవచ్చు. మొదటి ముఠా పురుగు దశలో దాడి చేస్తుంది. డయాకాస్మిమార్ఫా లాంగికాడేటా దీనికి మంచి ఉదాహరణ; నారింజ గోధుమ రంగు ఒళ్లు, ఆడదానికి ఒంటి పొడవును మించిన సూది. అది పండు మీద వాలి, మీసాలు ఆడిస్తూ నడిచి, లోపల పురుగు కదిలే అలికిడిని పసిగట్టి ఆగుతుంది. వెనుక కాళ్ల మీద ఒళ్లు పైకెత్తి, సూదిని నిట్టనిలువుగా తొక్కలోకి దించి, పురుగు ఒంట్లో గుడ్డు పెడుతుంది. పురుగు వెంటనే చావదు; తింటూనే ఉంటుంది, నేలలోకి దిగుతుంది, ప్యూపా కూడా అవుతుంది. ఆ ప్యూపా పెంకు లోపల బదనిక పిల్ల దాన్ని పూర్తిగా తినేసి, ఈగ రావలసిన చోటు నుంచి తాను బయటికి వస్తుంది.

రెండో ముఠా ఇంకా ముందే, ఈగ గుడ్డు దశలోనే దాడి చేస్తుంది. దీనికి పేరు మోసినది ఫోపియస్ అరిసానస్. ఈగ గుడ్లు పెట్టి వెళ్లిన తొక్క రంధ్రాన్ని వాసనతో కనిపెట్టి, అదే దారిన సూది దించి, ఈగ గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. ఆ తరువాత తొందరపడదు. ఈగ గుడ్డు పొదిగి, పురుగు పెరిగి, ప్యూపా అయ్యేదాకా లోపల ఆగి, అప్పుడు బయటికి వస్తుంది. పిల్ల పురుగు పండు లోతుకు చేరకముందే పని ముగించుకోవడం వల్ల పండు పెద్దదైనా దీనికి ఇబ్బంది లేదు. పైగా ఒకే పురుగులో రెండు రకాల బదనికల పిల్లలు పడితే, ముందు చేరిన ఫోపియస్‌దే చాలా వరకు గెలుపు. తరువాత వచ్చినదాన్ని అది ఎదగనివ్వదు.

ఇక హవాయి సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ శాస్త్రంలో సగం అక్కడి అనుభవం నుంచే పుట్టింది. మధ్యధరా పండు ఈగ హవాయిలో 1910లో బయటపడింది. రెండేళ్లు తిరగకుండానే అక్కడి ప్రభుత్వం ఇటలీకి చెందిన కీటక శాస్త్రవేత్త ఫిలిప్పో సిల్వెస్ట్రిని సహజ శత్రువుల వేటకు ఆఫ్రికా పంపింది. 1912–13లో ఆయన పశ్చిమ ఆఫ్రికా, దక్షిణ ఆఫ్రికా, ఆస్ట్రేలియా తిరిగి తెచ్చిన వాటిలో దక్షిణ ఆఫ్రికా నుంచి సిటాలియా హ్యూమిలిస్, ఆస్ట్రేలియా నుంచి డయాకాస్మిమార్ఫా ట్రయోని ముఖ్యమైనవి. 1914లో ఫుల్లావే, బ్రిడ్‌వెల్ అనే ఇద్దరు మళ్లీ పశ్చిమ ఆఫ్రికా వెళ్లి మరికొన్నింటిని తెచ్చారు. నెలల తరబడి ఓడ ప్రయాణంలో, దారిలో ఈగలను పెంచుతూ, వాటి మీద బదనికలను బతికించుకుంటూ తీసుకురావలసిన రోజులవి. ఆ ఫుల్లావేనే తరువాత మన దేశం వైపు కూడా వచ్చి, దోసజాతి కాయలను పాడుచేసే ఈగ మీద పనిచేసే బదనికను 1916 నాటికి హవాయికి చేర్చారు. అప్పట్లో బీహార్‌లోని పూసాలో ఇంపీరియల్ కీటక శాస్త్రవేత్తగా ఉన్న ఫ్లెచర్ పేరు మీదనే దాన్ని నేటికీ సిటాలియా ఫ్లెచెరి అంటున్నారు.

ఈ తొలి రకాలు నిలదొక్కుకున్నాక హవాయిలోని కోనా ప్రాంతపు కాఫీలో ఒక ఆసక్తికరమైన తగవు మొదలైంది. పెంబర్టన్, విల్లార్డ్ అనే పరిశోధకులు 1918లో ప్రచురించిన పరిశీలనల్లో, ట్రయోని పిల్ల హ్యూమిలిస్ పిల్లను పురుగు ఒంట్లోనే కొరికి చంపుతున్నదని, హ్యూమిలిస్ ఒక్కటే ఉండి ఉంటే అది ఇంకా ఎక్కువ ఈగలను చంపి ఉండేదని వాదించారు. ఒకే శత్రువు మీదికి ఎన్ని రకాల మిత్రులను దించాలి, ఎక్కువ రకాలు తెస్తే మేలు పెరుగుతుందా తరుగుతుందా అన్న చర్చ అప్పటి నుంచి ఈనాటి దాకా ఆగలేదు. నా అభిప్రాయం అడిగితే, రకాలు పెరిగినకొద్దీ మొత్తం సోకు తగ్గిన సందర్భాలు అరుదు. కాని కొత్త రకాన్ని దించే ముందు ఉన్న రకాల లెక్క తెలియకపోవడం మాత్రం క్షమించరాని అలసత్వం.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసే రోజుల్లో హవాయిలోకి మరో ఈగ దిగింది. అది మన మామిడి రైతులకు బాగా పరిచయమున్న బాక్ట్రోసెరా డోర్సాలిస్. దాని కోసం 1940ల చివర దక్షిణాసియా, ఆగ్నేయాసియా దేశాల నుంచి పెద్ద ఎత్తున బదనికలను తెప్పించారు. ముందు లాంగికాడేటా పుంజుకుంది, ఏడాది తిరిగేసరికి ఫోపియస్ వాండెన్‌బోషి దాన్ని వెనక్కి నెట్టింది, 1950 నాటికి ఆ రెండింటినీ మించి అరిసానస్ రాజ్యమేలింది. జామ పండ్లలో అరవై అయిదు, డెబ్భై శాతం దాకా ఈగలను అదొక్కటే చంపినట్టు నమోదైంది. పండు ఈగల మీద ప్రపంచంలో ఎక్కడైనా తెచ్చి వదిలిన బదనికల్లో ఇంతకు మించిన విజయం లేదు. తరువాత ఫ్రెంచ్ పాలినీషియాకు కూడా 2000ల తొలినాళ్లలో దాన్నే తీసుకువెళ్లారు, అక్కడా నిలబడింది.

కాఫీకి వచ్చేసరికి మాత్రం ఈ విజయం కాస్త పలచబడుతుంది. కొత్త ఈగ డోర్సాలిస్ వేడి ప్రాంతాల్లోని జామ, మామిడి ఆక్రమించడంతో పాత మధ్యధరా ఈగ చల్లని ఎత్తు ప్రదేశాలకు, కాఫీకి పరిమితమైంది. అరిసానస్‌కు డోర్సాలిస్ గుడ్లు ఎంత బాగా నప్పుతాయో మధ్యధరా ఈగ గుడ్లు అంతగా నప్పవు. కాఫీలో అది కనిపిస్తుంది, మంచి శాతమే చంపుతుంది, కాని ఈగను పూర్తిగా అణచలేదు. అందుకే మధ్యధరా ఈగ పుట్టింటికే వెళ్లి, దానితో కలిసి పరిణామం చెందిన శత్రువు కోసం వెతకాలన్న ఆలోచన 1990లలో మళ్లీ వచ్చింది. కెన్యా కాఫీ తోటల్లో పండ్లు సేకరించి, వాటి నుంచి వచ్చిన బదనికలను పరిశీలిస్తే, అప్పటిదాకా శాస్త్రానికి తెలియని ఒక గుడ్డు బదనిక దొరికింది. రాబర్ట్ వార్టన్ దానికి 1999లో ఫోపియస్ సెరటిటివోరస్ అని పేరు పెట్టారు. దాన్ని గ్వాటెమాలాలోని క్వారంటైన్ ప్రయోగశాలకు తీసుకువెళ్లి, మధ్యధరా ఈగ గుడ్ల మీద తరతరాలుగా పెంచగలిగారు. అది అక్కడి నుంచి హవాయికి, ఇజ్రాయెల్‌కు కూడా చేరింది.

గ్వాటెమాలా, దాని పక్కనున్న మెక్సికో రాష్ట్రం చియాపాస్ కథ దీనికి భిన్నం. హవాయిలో చేసినది ఒకసారి తెచ్చి, వదిలి, ప్రకృతికి అప్పగించే పద్ధతి. మధ్య అమెరికాలో చేసేది కర్మాగారంలో పెంచి, అవసరమైన చోట, అవసరమైన వారాల్లో, పెద్ద సంఖ్యలో వదిలే పద్ధతి. మధ్యధరా ఈగ 1955లో కోస్టారికాలో అడుగుపెట్టి, 1975లో గ్వాటెమాలాకు, 1977లో చియాపాస్‌కు చేరింది. మెక్సికో 1979లో మెటాపాలో వంధ్య ఈగల (సంతానశక్తి లేకుండా చేసిన ఈగల) కర్మాగారం తెరిచి, 1982 నాటికి తన నేల మీద ఈ ఈగను నిర్మూలించినట్టు ప్రకటించింది. అప్పటి నుంచి మెక్సికో, గ్వాటెమాలా, అమెరికా కలిసి నడిపే మోస్కామెడ్ కార్యక్రమం ఈగ ఉత్తరానికి పాకకుండా కాపలా కాస్తున్నది. ఆ కాపలాకు అన్నిటికంటే పెద్ద చిల్లు కాఫీ. గ్వాటెమాలా నైరుతి కొండవాలుల్లో వరుసగా పరుచుకున్న నీడ కాఫీ తోటలు ఈగకు సరిహద్దు దాకా వేసిన దారి లాంటివి.

ఆ తోటల్లో ఎర కలిపిన పురుగుమందు విమానాలతో చల్లితే తేనెటీగల పెంపకందారులు అభ్యంతరం చెబుతారు, సేంద్రియ కాఫీ ధ్రువీకరణ ఉన్న రైతులు ఒప్పుకోరు, దట్టమైన నీడ చెట్ల వల్ల మందు కింది దాకా దిగను కూడా దిగదు. ఇలాంటి చోట బదనికలకు విలువ వస్తుంది. డయాకాస్మిమార్ఫా ట్రయోనిని గ్వాటెమాలా ఎత్తు ప్రాంతపు కాఫీ మీద విమానాల నుంచి వదిలే ప్రయోగాలు జరిగాయి. తరువాత లాంగికాడేటాను సరిహద్దు ప్రాంతంలో ఈగ గుంపులు కనిపించిన కాఫీ తోటల్లో వదులుతూ వచ్చారు. పెంచే పద్ధతిలో ఒక తెలివైన ఏర్పాటు ఉంది. లాంగికాడేటాకు ఆహారంగా ఇచ్చేది మెక్సికన్ పండు ఈగ పురుగులు. వాటిని బదనికలకు అందించే ముందు రేడియేషన్‌కు గురిచేస్తారు. బదనిక సోకని పురుగులు కూడా ఈగలుగా మారలేక చచ్చిపోతాయి కాబట్టి, డబ్బాలో నుంచి తోటలోకి ఎగిరేవి బదనికలు మాత్రమే; ఈగలను వేరుచేసే అవస్థ ఉండదు. పెద్దయిన బదనికలను చల్లబరిచి, కదలకుండా చేసి, విమానం నుంచి వదిలితే దిగుతూ దిగుతూ వెచ్చబడి ఆకుల మీద వాలతాయి.

ఆ కార్యక్రమంలో బదనికలు ఒంటరిగా ఉండవు, వంధ్య ఈగలతో జంటగా వెళతాయి. గ్వాటెమాలాలోని ఎల్ పినో కర్మాగారానికి వారానికి వంద కోట్లకు పైగా వంధ్య ఈగలు తయారుచేసే సామర్థ్యం ఉంది. వంధ్య మగ ఈగలు అడవి ఆడ ఈగలతో కలిస్తే గుడ్లు పొదగవు, కాని అడవి ఈగల సంఖ్య ఎక్కువగా ఉన్నప్పుడు వంధ్య ఈగలు వాటిలో కొట్టుకుపోతాయి. బదనికలు ఆ సంఖ్యను కిందికి లాగితే వంధ్య ఈగల నిష్పత్తి పెరుగుతుంది. వంధ్య ఈగలు పురుగుల సంఖ్యను తగ్గిస్తే ఒక్కో పురుగుకు ఎక్కువ బదనికలు మిగులుతాయి. అమెరికా శాస్త్రవేత్త నిప్లింగ్ చాలాకాలం క్రితమే లెక్కగట్టి చూపినట్టు, ఈ రెండూ కలిస్తే వచ్చే ఫలితం విడివిడి ఫలితాల మొత్తానికి మించి ఉంటుంది. హవాయిలో మావీ ద్వీపంలోని కూలా ప్రాంతంలో ట్రయోనిని, వంధ్య ఈగలను కలిపి వదిలిన ప్రయోగాలు ఈ దారిలో తొలి అడుగులు.

ఫలితాన్ని ఎలా కొలవాలన్న దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు, కాబట్టి దీని మీద కాస్త ఆగుతాను. సోకు శాతం ఎనభై అని వినగానే ఈగల సంఖ్య ఎనభై శాతం తగ్గిందని అనుకోకూడదు. కాఫీ పండ్లు కోసి పల్పింగ్‌కు (తొక్క, గుజ్జు తీయడానికి) పంపినప్పుడు అందులోని పురుగుల్లో చాలా వరకు ఎలాగూ చస్తాయి. రాలిన పండ్లలోని పురుగులను చీమలు, కోళ్లు కొంత తినేస్తాయి, ఎండ కొంత చంపేస్తుంది. బదనిక చంపినది వీటిలో ఎలాగూ చావవలసిన పురుగునా, బతికి ఈగ కావలసిన పురుగునా అన్నది శాతం చెప్పదు. ఆ సంగతి తెలియాలంటే బదనికలు వదిలిన తోటలోను, దూరంగా వదలని తోటలోను ఎర బుట్టలు పెట్టి, రెండు పంట కాలాలైనా ఈగలను లెక్కించాలి.

సోకు శాతం కొలిచే పద్ధతిలోనూ ఒక చిక్కు ఉంది. పండిన పండ్లను చెట్టు మీద నుంచి కోసి, జల్లెడ అడుగున్న బుట్టలో వేసి, కింద తడి ఇసుక పళ్లెం పెట్టి, పైన గుడ్డ కట్టి నీడలో ఉంచాలి. పురుగులు పండ్లు విడిచి ఇసుకలోకి దిగి ప్యూపాలవుతాయి. వారం పది రోజుల తరువాత ఇసుక జల్లించి, గోధుమ రంగు పీపాల్లాంటి ఆ ప్యూపాలను తీసి, మూత ఉన్న సీసాల్లో ఉంచాలి. ముందు బయటికి వచ్చేవి ఈగలు. బదనికలు ఆ తరువాత రోజుల తరబడి వస్తాయి. ఈగలు రావడం ఆగిపోయిందని సీసా కడిగేసినవారికి బదనికలు దాదాపు లేనట్టే కనిపిస్తాయి. చివరన మిగిలిన ఖాళీ పెంకులు కూడా పారేయకూడదు. ఈగ బయటికి వచ్చిన పెంకుకు ఒక చివర మూత గుండ్రంగా, అతుకు వెంట విడిపోయి ఉంటుంది, బదనిక వచ్చిన పెంకుకు పళ్లతో కొరికిన ఎగుడుదిగుడు రంధ్రం ఉంటుంది. చేతి భూతద్దం చాలు, తేడా తెలుస్తుంది. చెట్టు మీది పండ్లను, నేల మీది పండ్లను వేర్వేరు బుట్టల్లో పెట్టడం మరీ మంచిది, రెండింటి శాతాలూ తరచుగా ఒకటి కావు.

తోట యాజమాన్యానికీ బదనికలకూ మధ్య ఒక వైరుధ్యం ఉందని కూడా మీ రైతులకు ముందే చెప్పాలి. రాలిన పండ్లను ఏరి పాతిపెట్టడం, చెట్టు మీద ఒక్క పండూ మిగలకుండా కోయడం ఈగ అదుపుకు మొదటి సూత్రం. కాని ఆ పండ్లతో పాటు వాటిలోని బదనికలను కూడా పాతిపెడుతున్నాం. దీనికి హవాయిలో కనిపెట్టిన ఉపాయం ఆగ్మెంటోరియం అనే గుడారం. ఏరిన పండ్లన్నీ గుడారంలో పోసి మూసేస్తారు. పైన కిటికీలా పెట్టిన వల కన్నాలు ఈగ దూరలేనంత సన్నగా, బదనిక దూరగలిగినంత వెడల్పుగా ఉంటాయి. ఈగలు లోపలే చస్తాయి, బదనికలు తోటలోకి వెళతాయి. కర్మాగారం, విమానం, రేడియేషన్ ఏవీ అక్కర్లేకుండా ఊళ్లో దొరికే సామానుతో చేయగలిగిన పద్ధతి ఇది. రీయూనియన్ ద్వీపంలో కూడా దీన్ని కూరగాయ తోటల కోసం వాడారు. వల ఎంపికలో మాత్రం అంచనాలతో పోకూడదు. మీ ప్రాంతపు ఈగ జాతులన్నిటినీ, బదనికలను వేసి పరీక్షించాకే వల కొనాలి, ఎందుకంటే ఈగల్లో చిన్న జాతి ఒక్కటి దూరినా గుడారం ఈగల పెంపక కేంద్రమై కూర్చుంటుంది.

బదనికలు అన్నీ నిరపాయమైనవే అన్న నమ్మకం కూడా సరైనది కాదు. ట్రయోనిని హవాయిలో వదిలినప్పుడు ఎవరూ ఊహించని విషయం, అది లాంటానా కంప మీద పుండు కణుతులు కట్టే మరో ఈగను కూడా సోకడం. లాంటానాను అణచడానికే మెక్సికో నుంచి తెచ్చి వదిలిన మంచి ఈగ అది. ఒక మిత్రుడు మరో మిత్రుడిని చంపుతున్నాడన్నమాట. నష్టం పెద్దది కాదని తరువాతి పరిశీలనల్లో తేలినా, ఆ అనుభవం తరువాత ఏ కొత్త బదనికనైనా క్వారంటైన్ గదిలో ఇతర ఈగ జాతుల మీద కూడా పరీక్షించి గాని బయటికి వదలడం లేదు.

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. మధ్యధరా పండు ఈగ భారతదేశంలో స్థిరపడలేదు. అది మనకు క్వారంటైన్ చీడ, అంటే దేశంలోకి రాకుండా ఆపవలసినది. మన కాఫీ పండ్లలో పండు ఈగ లెక్కచేయవలసిన చీడ కానే కాదు. అరకు ప్రాంతంలో 2025లో బయటపడి రైతులను భయపెట్టినది కాఫీ కాయతొలుచు పురుగు. అది ఈగ కాదు, ఆవగింజ కన్నా చిన్న నల్లని పెంకు పురుగు. కాయ కొనన ఉన్న బొడ్డు దగ్గర సూది మొనంత రంధ్రం చేసి, గుజ్జును దాటి గింజలోకే దిగి, అక్కడే గుడ్లు పెట్టి సంసారం చేస్తుంది. పండు ఈగ వదిలేసే గింజే దీనికి తిండి. మీ రైతులు పండులో పురుగు అని చెప్పినప్పుడు ముందు చేయవలసినది కాయను కోసి చూడడం. గుజ్జులో కాళ్లు లేని గెంతే పురుగా, బొడ్డు దగ్గర రంధ్రం, గింజలో పొడి, నల్లని పెంకు పురుగా అన్నది ఒక్క నిమిషంలో తేలుతుంది.

పండు ఈగ బదనికలు ఈ పెంకు పురుగును తాకనైనా తాకవు. దీని బదనికలు వేరు, అవి కూడా కందిరీగల వర్గానివే, వాటి స్వస్థలం కూడా ఆఫ్రికానే. 1990లో నీలగిరుల్లోని గూడలూరులో ఈ పురుగు మన దేశంలో తొలిసారి కనిపించాక, 1990ల మధ్యలో సెఫలోనోమియా స్టెఫనోడెరిస్ అనే బదనికను మెక్సికో నుంచి తెప్పించారు. కర్ణాటకలోని బాలెహొన్నూరు కేంద్ర కాఫీ పరిశోధన సంస్థ దాన్ని పెంచి తోటల్లో వదిలించింది. ఇది రంధ్రం గుండా కాయలోకి తానే దూరి, పెంకు పురుగు గుడ్లను, చిన్న పిల్లలను తిని, పెద్ద పిల్లల మీద, ప్యూపాల మీద గుడ్లు పెడుతుంది. పనితనం మంచిదే, కాని కోత పూర్తయి చెట్ల మీద కాయలు లేని నెలల్లో దానికి నిలువ నీడ ఉండదు, మళ్లీ వదలవలసి వస్తుంది. అందువల్ల కోత ముగిశాక చెట్టు మీద, నేల మీద మిగిలిన కాయలన్నీ ఏరడం, ఏరిన కాయలను మరుగుతున్న నీటిలో ముంచడం, పురుగులను చంపే బవేరియా బాసియానా శిలీంద్రం, ఆల్కహాల్ ఎర బుట్టలు ఇవన్నీ ముందు వరుసలో ఉండాలి, బదనిక వాటి వెనుక రావాలి. చిన్న కమతాలు పక్కపక్కనే ఉన్న గిరిజన గ్రామాల్లో ఒకరు ఏరి పక్కవారు వదిలేస్తే ఏరినవారి శ్రమ వృథా కాబట్టి, ఊరు మొత్తానికి ఒకే వారంలో ఏరివేత పెట్టించడం మీ వంటివారు చేయగలిగిన అతి ముఖ్యమైన పని. సాంకేతిక సహాయానికి చింతపల్లి దగ్గర ఆర్.వి. నగర్‌లో ఉన్న ప్రాంతీయ కాఫీ పరిశోధన కేంద్రం మీకు దగ్గర.

విదేశాల నుంచి ఏ బదనికనైనా సొంతంగా తెప్పించుకోవాలన్న ఆలోచన మాత్రం వద్దు. 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం కేంద్ర మొక్కల రక్షణ సలహాదారు అనుమతి లేకుండా బతికున్న కీటకాలను దేశంలోకి తేవడం నేరం. అనుమతి వచ్చినవాటిని బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ క్వారంటైన్‌లో పరీక్షించాలి. అసలు పండు ఈగల విషయంలో మనకు ఆ అవసరం కూడా లేదు. లాంగికాడేటా, అరిసానస్ రెండూ మన ప్రాంతాల్లో సహజంగా ఉన్నవే. మామిడి, జామ తోటల్లో డోర్సాలిస్ మీద బతుకుతూనే ఉన్నాయి. మీ పరిధిలో కాఫీతో పాటు జామ, మామిడి ఉంటే, ఈగ సోకి రాలిన పండ్లను ఒక బుట్టలో పైన చెప్పిన విధంగా ఇసుక మీద పెట్టి చూడండి. వచ్చిన బదనికలను డెబ్భై అయిదు శాతం ఆల్కహాల్ ఉన్న చిన్న సీసాలో వేసి, ఊరు, పండు రకం, సేకరించిన తేదీ పెన్సిల్‌తో కాగితం మీద రాసి ఆ కాగితాన్ని సీసాలోనే ఉంచండి; పెన్నుతో రాస్తే ఆల్కహాల్‌లో సిరా కరిగిపోతుంది. ఆ సీసాను జాతి నిర్ధారణకు పంపితే, మీ కొండల్లో ఏ బదనిక ఎంత ఉందో తెలిశాక, దాన్ని పెంచాలా, గుడారం వేస్తే చాలా అన్నది అప్పుడు మాట్లాడుకోవచ్చు.